చెక్కపొట్టు

మా తాత ఈ వకాస తీరానికి దొర.
కొండవాగు మలుపు నుంచి ఉప్పు కాచే బట్టీల దాకా
అందర్నీ "నా మనుషులు" అనేవాడు.
ఎంతమందో ఎన్నడూ లెక్కపెట్టలేదు.
లెక్క పరాయివాడికి కావాలి గాని
దొరకెందుకు?

ఒకనాడు రాజధాని నుంచి పెట్టె వచ్చింది.
అందులో నల్లటి పట్టు టోపీ, పక్కన ఒక పదవి పేరు.
తాత నేలనిచ్చి టోపీ తీసుకున్నాడు.
ఎవరూ కత్తి దూయలేదు.
దూయడానికి లేవు కూడా,
ఈటెలూ విల్లులూ అప్పటికే సర్కారు కొట్టులో చేరాయి,
కట్టలు కట్టి, చీటీలు వేలాడదీసి.

నాకు మిగిలింది ఒక్క కత్తి.
జానెడైనా లేదు, నడుముకి వేలాడుతుంది.
రాసింది గీకేయడానికి.
కాగితం రాజధానికి పోతుంది, మాకు సైప్రస్ చెక్క చాలు.
రాయడం, గీకడం, మళ్ళీ అదే చెక్క మీద రాయడం.
పేరు ఉల్లిపొరలా చుట్టుకుని లేస్తుంది,
సిరా వాసనతో మోకాలి మీద పడుతుంది.

ఆరేళ్ళకోసారి ఇంటింటి జాబితా.
గుమ్మాల ముందు నిలబెట్టి అడుగుతాను
పేరేమిటి, ఏ ఏడు పుట్టావు?
ఎద్దు ఏట పుట్టాడు గనక ఉషిమారో.
పాము ఏట పుట్టింది గనక హెమిమే.
పుట్టుమచ్చ ఎక్కడ?
ఒకడు చెవి కింద చూపించాడు.
ఒకావిడ సిగ్గుపడి చెప్పలేదు,
"లేదు" అని రాసుకుని ముందుకు నడిచాను.

ఉషిమారోకి ఎడమ బుగ్గ మీద, పెసరగింజంత.
"ఇదంతా ఎందుకయ్యా, రాజ్యం అంటే ఏమిటి?" అన్నాడు.
నిన్నెప్పుడూ చూడనివాడికి
నీ మచ్చ తెలిసి ఉండటం, అన్నాను.
పడీ పడీ నవ్వాడు.
హాస్యమాడాననుకున్నాడు.

అన్యాయంగా మాట్లాడను.
పొలాల్ని గళ్ళుగా కోశాం, తాడు పట్టి, మేకులు కొట్టి.
వాగొక్కటే మా మాట వినలేదు.
ఆరేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ మడి వచ్చింది,
మగాడికి మూడు పాళ్ళయితే ఆడదానికి రెండు.
తాత హయాంలో అదీ లేదు.
అప్పట్లో ఎవరికెంత అన్నది
ఆ పూట ఆయనకి తిన్నది అరిగిందా లేదా అన్నదాని మీద ఉండేది.

ఇచ్చిన చెయ్యే అడిగింది కూడా.
వరి అడిగింది. ఇంటికి మూడు కుంచాల ఉప్పు అడిగింది.
తర్వాత మనుషుల్ని అడిగింది,
కొత్త రాజధానికి దూలాలు లాగాలట.
ఉషిమారో వెళ్ళాడు, వారానికి సరిపడా ఎండు అన్నం కట్టుకుని.
ఆ తిండితో వెళ్ళొచ్చు.
తిరిగి రావడానికి తిండి ఎవరూ కట్టలేదు.

వానల ముందు తపాలా గుర్రం గంట మోగింది.
చెక్క మీద ఒకటే వరుస:
మగమనిషి, ఒకడు, ఎడమ బుగ్గన మచ్చ,
జ్వరం, దారిపక్కన.
ఎక్కడో తెలియని ఊరి పొలిమేరలో
ఎవరో వంగి ఆ బుగ్గ ఇటు తిప్పి చూసి
జాబితాతో సరిపోల్చుకున్నారు.
మా తాత మనుషులు పోతే
ఊరూ పేరూ లేకుండా పోయేవాళ్ళు.
ఇది మెరుగేనా? రాత్రుళ్ళు అడుగుతాను,
దీపం ఆర్పాక.

తల్లి అవామే వచ్చింది, మట్టి కాళ్ళతోనే.
నేనప్పటికే గీకేశాను,
మడి వెనక్కి రాయాలి గదా, పాలు తగ్గించాలి గదా.
నేల మీది పొట్టు వంక చూసింది.
"వాడిది ఏది?"

ఆ రోజు చాలా గీకాను.
గాలికి అన్నీ కలిసిపోయాయి.
వంగి, వెతికినట్టు నటించి,
ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

చదవడం రాదు ఆమెకి. నాకు వచ్చు.
ఎండలో దాన్ని అటూ ఇటూ తిప్పింది,
మెల్లగా పెదవులకి ఆనించుకుంది.

ఉప్పు, మూడు కుంచాలు
అని ఉంది దాని మీద.